కూర్చున్నవాళ్లకే అన్నం

ఆడేవాళ్లకి కాఫీలూ తిండీ అందిస్తూ ఒజెల్లా పొద్దుటినుంచి కాళ్లమీదే ఉంది. డీజిలు బంకు వెనకాల ఉన్న ఆ జూదం గదికి కిటికీలు లేవు. బయట వాన పడుతోందని లోపలికొచ్చే లారీ డ్రైవర్ల తడి బూట్లు చూసి తెలుసుకోవలసిందే. లూసియానాలో అది చెరుకు నరికే కాలం. చక్కెర మిల్లు ముందు లారీలు బారులు తీరి ఉంటాయి. వంతు వచ్చేదాకా డ్రైవర్లు ఇక్కడ జూదం మిషన్ల ముందు కూర్చుంటారు. నెలకు డీజిలు ఇంత అని అమ్మితేనే ప్రభుత్వం మిషన్లు పెట్టుకోనిస్తుంది కాబట్టి యజమాని డీజిలు అమ్ముతున్నాడు గానీ, లారీల మీద ప్రేమతో కాదు.

మూల మిషన్ ముందు కుర్చీ రెండు వారాలుగా ముందుకు వాలి ఉంది. ఆడేవాడు కుర్చీ వాల్చి వెళ్లాడంటే మళ్లీ వస్తాడని అర్థం. ఆ చోటు ఇంకొకడు ముట్టుకోడు. దాన్ని వాల్చినవాడు క్లియోఫస్. నిద్రపోవలసిన గంటలన్నీ ఆ మిషన్ ముందు గడిపి, చెరుకు లోడుతో బయలుదేరి, స్టీరింగు మీదే కునికి కాలువలో పడి చనిపోయాడు. ఆ పూట అతనికి కాఫీ మీద కాఫీ, పళ్లెంలో అన్నం అందించింది ఒజెల్లాయే. ఆడేవాడు ఆకలికి లేవకూడదు. గంటకు తొమ్మిది డాలర్లు ఇచ్చేది అందుకే.

ఎవరూ ఆడకపోయినా మిషన్లు ఉండుండి పాట పాడతాయి, మనుషుల్ని పిలవడానికి. మూల మిషన్ పాడినప్పుడల్లా డ్రైవర్లు తలలు దించుకుంటున్నారు.

"ఆ కుర్చీ నిలబెట్టమని నీకెన్నిసార్లు చెప్పాలి?" అన్నాడు మేనేజరు వెండెల్.

"వాల్చినాయనే నిలబెట్టుకోవాలండి."

"దెయ్యమై వస్తాడా? రానీ. దెయ్యం డబ్బులైనా మనకి చెల్లుతాయి."

అంతలో తలుపు తోసుకుని ఒక ఆడమనిషి లోపలికొచ్చింది. నల్ల గౌను తడిసి కాళ్లకు అంటుకుపోయింది. క్లియోఫస్ భార్య లుర్లీన్. ఎవర్నీ ఏమీ అడగలేదు. తిన్నగా మూలకెళ్లి, కుర్చీ నిటారుగా నిలబెట్టి కూర్చుంది.

ఒజెల్లా పరుగున వెళ్లింది. "ఏంటమ్మా ఈ పని?"

"ఆయన పోసిందంతా దీని కడుపులోనే ఉంది కదక్కా. పోయినచోటే వెతుక్కోవాలంటారు."

"నీ దగ్గర డబ్బెక్కడిది?"

"సమాధి రాయికని చర్చివాళ్లు పోగుచేసిచ్చారు. రాయికేం తొందరక్కా? ఆయనెక్కడికీ పోడుగా."

వెండెల్ ముఖం విప్పారింది. "ఒజెల్లా, ఆవిడకి చిక్కుడు గింజల కూరా అన్నం పట్రా. డబ్బులొద్దులే, మన తరఫున."

ఒజెల్లా వంటింట్లోకెళ్లి పళ్లెంలో వేడివేడిగా వడ్డించుకొచ్చింది. అడుగుల చప్పుడు విని లుర్లీన్, మిషన్లోకి నోట్లు తోస్తూనే, తెర మీంచి చూపు తిప్పకుండా, ఎడమచెయ్యి వెనక్కి చాచింది. క్లియోఫస్ అచ్చం అలాగే చాచేవాడు. ఒజెల్లా వంటింటి గుమ్మంలోనే ఆగిపోయింది.

"నేనివ్వను," అంది.

లుర్లీన్ తల తిప్పింది. "పొద్దుటినుంచీ ఏం తినలేదక్కా."

"లేచి రా. వంటింట్లో బల్లమీద పెడతాను. కడుపునిండా తిను. ఇక్కడ మాత్రం పెట్టను."

"మొగుడు పోయినదానికి ముద్ద పెట్టనంటావా? నువ్వసలు మనిషివేనా?" వెండెల్ గొంతు పెంచాడు. "ఇస్తే ఇయ్యి, లేకపోతే రేపట్నించి పనిలోకి రాకు."

డ్రైవర్లలో ఎవరో ఛీ అన్నారు. ఒజెల్లాకి ఏడుపు ముంచుకొచ్చింది. ఈ ఉద్యోగం పోతే చుట్టుపక్కల ఇంకో పని లేదు. అయినా అడుగు ముందుకు పడలేదు.

"లేవమ్మా. నా మాట విను."

లుర్లీన్ కుర్చీ అంచుకు జరిగింది. ఒక కాలు నేలమీద ఆన్చింది. పళ్లెంకేసి చూసింది, మిషన్‌కేసి చూసింది. మళ్లీ వెనక్కి జరిగి సర్దుకు కూర్చుంది.

"ఇంకొక్క నోటక్కా," అంది బతిమాలుతున్నట్టు. "ఒక్కటి. చల్లారిపోకుండా మూత పెట్టు."

ఒజెల్లా పళ్లెం పట్టుకుని గుమ్మంలోనే నిలబడింది.