పోయిన పిన్ని

పరాయి దేశం వచ్చాక ఆమెకు రెండే కాలక్షేపాలు మిగిలాయి. ఒకటి పుస్తకాలు, రెండోది కంప్యూటర్ ఆటలు. కళ్ళద్దాల దుకాణం వెనకగదిలో ఆమె పని. డాక్టరు రాసిచ్చిన పవరు చూసి, అద్దాన్ని మిషనులో బిగించి, ఫ్రేములో కూర్చునేలా అంచులు అరగదీయాలి. రోజంతా మిషను రొద, నీళ్ళ తుంపర. అక్కడి భాష పనికి సరిపడా వచ్చుగానీ కబుర్లకు చాలేది కాదు. అందుకే సెలవు రోజున తలుపు వేసుకుని, మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని, కాసేపు తెలుగు నవల చదివేది, కాసేపు ఆట ఆడేది.

పెద్ద కంపెనీల ఆటల జోలికి పోయేది కాదు. ఎక్కడో ఎవరో ఒక్కరే కూర్చుని, బొమ్మలూ సంగీతమూ అన్నీ తామే చేసుకుని ఇంటర్నెట్‌లో పెట్టే ఇండీ గేములంటే ఆమెకు ఇష్టం. "తుపాకుల్లేవు, గెలుపూ ఓటమీ లేవు. ఇదేం ఆటమ్మా" అని పక్క బల్ల దగ్గర ఫ్రేములు బిగించే పెద్దాయన ఎగతాళి చేసేవాడు.

ఆ శనివారం మధ్యాహ్నం అలాంటిదే ఒకటి దించుకుంది. తనకు కథ చదివి వినిపించే మనిషి కోసం ఒక చిన్నపిల్ల ఇల్లంతా వెతుకుతుంది. అంతే ఆట. పిల్లను వసారాలోంచి నడిపించుకుంటూ వెళ్తుంటే, కిటికీకి వంగిపోయిన ఊచ ఒకటి కనిపించింది. మెట్ల కింద కుట్టుమిషను, దాని మీద పసుపుపచ్చ గుడ్డ. ఆమె చెయ్యి ఆగిపోయింది. అది అచ్చం అమ్మమ్మగారి ఇల్లు.

ఇళ్ళన్నాక ఒకదాన్ని పోలినవి ఇంకోటి ఉండవా అని సర్దిచెప్పుకుంది. పిల్లను మేడ ఎక్కించింది. ట్రంకుపెట్టె మీద రెండు జడల అమ్మాయి ఒకతె పుస్తకంలోంచి తలెత్తింది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు తెర మీదికి వచ్చాయి.

"వచ్చావా బుల్లిగూబా? రాజుగారికి తుమ్మొచ్చి కథ ఆగిపోయింది."

బుల్లిగూబ అంటే తనే. చిన్నప్పుడు రెప్ప వేయకుండా కథలు వింటుందని ఆమెకు ఆ పేరు పెట్టింది పిన్ని. ఏ కథలోనైనా సరే, రాజుగారి చేత తుమ్మించేది కూడా పిన్నే. ఆమెకు అక్షరాలు దిద్దించింది కూడా ఆవిడే. ఆ పిన్ని, ఆమె ఆరేళ్ళ పిల్లగా ఉన్నప్పుడే పోయింది.

ఆ పొద్దున బాగా గుర్తుంది. నిద్ర లేచేసరికి పిన్ని మంచం ఖాళీగా ఉంది. అమ్మ కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. తాతయ్య ఎవరి ముఖమూ చూడకుండా, "అది పోయింది. ఇక ఈ ఇంట్లో దాని ఊసెత్తొద్దు" అన్నాడు. గోడ మీది ఫొటో తీసేశారు. పసిపిల్లకు అంతకంటే ఏం చెప్పాలి? ఆ తర్వాత ఏ నవలలో ఎవరు చనిపోయినా ఆమె ఏడ్చింది పిన్ని కోసమే.

ఆట అక్కడే ఆపి అమ్మకు ఫోన్ చేసింది.

"అమ్మా, పిన్ని ఎలా చనిపోయింది?"

అవతల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. "ఏ పిన్నే?"

"నాకెంతమంది ఉన్నారు? నీ చెల్లెలు."

"అది చనిపోయిందని నీకెవరు చెప్పారు?"

"తాతయ్యే. పోయిందన్నాడుగా."

"పోయిందంటే..." అమ్మ మాట తడబడింది. "వెళ్ళిపోయిందని. బయటి దేశంలో ఉద్యోగమొస్తే మీ తాతయ్య వద్దన్నాడు. చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయింది. నువ్వు ఇన్నేళ్ళూ... ఒక్కమాట అడగొచ్చు కదే."

"అడిగితే ఏడుస్తావని అడగలేదు."

"నువ్వు అడక్కపోతే, మర్చిపోయావనుకున్నాను."

ఫోన్ పెట్టేశాక ఆమెకు ఒకటి గుర్తొచ్చింది. ఆమె ఈ ఉద్యోగానికి బయల్దేరిన రోజున తాతయ్య తల నిమిరి, "మనింట్లో విమానం ఎక్కిన మొదటిదానివి నువ్వే" అని మురిసిపోయాడు. అమ్మ అప్పుడు పక్కనే ఉంది. నేల చూపులు చూసింది. నిలదీద్దామంటే తాతయ్య ఇప్పుడు లేడు.

ఆట చేసినవాళ్ళకు రాసే చోట, "నేను బుల్లిగూబని. మీరు మా పిన్నేనా?" అని రాసి, కింద తన ఫోన్ నంబరు ఇచ్చింది. నవల తెరిచి చదివిన వాక్యమే మళ్ళీ మళ్ళీ చదువుతూ కూర్చుంది. పొద్దు వాలేవేళకు ఏదో తెలియని నంబరు నుంచి ఫోను మోగింది.

"గూబా?"

గొంతు బొంగురుపోయి ఉంది. అయినా పిన్నిదే. ఇంకో దేశంలో, ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తోందట. ఖాళీ వేళల్లో ఆటలు చెయ్యడం నేర్చుకుందట.

"పెద్దయ్యాకైనా నన్ను వెతుక్కుంటూ వస్తావనుకున్నానే. రాలేదని చాలా కోపంగా ఉండేది."

"నువ్వు చనిపోయావనుకున్నాను పిన్నీ."

"ఎవరు, నేనా? ఎప్పుడు?"

"నా ఆరో ఏట."

"ఎలాగే?"

"తెలీదు. జ్వరమొచ్చి అని నేనే అనుకున్నాను. ఎవరూ ఏమీ చెప్పలేదు."

పిన్ని నవ్వబోయింది. ఆ నవ్వు సగంలోనే విరిగిపోయింది. "ఎవరూ ఏమీ చెప్పకుండానే చచ్చిపోయానన్నమాట."

ఆమె అమ్మను కూడా ఆ కాల్‌లో కలిపింది.

"గొంతు మారిపోయిందే నీది" అంది అమ్మ.

"నీదీ మారింది. అచ్చం అమ్మ మాట్లాడినట్టే ఉంది."

"ఒక్కసారైనా ఫోన్ చెయ్యలేదేం?"

"చేశానక్కా. ఎన్నిసార్లో. నాన్న ఎత్తి, నా గొంతు వినగానే పెట్టేసేవాడు."

అమ్మకు అది తెలియదు. "నాకు చెప్పలేదే, నాకు చెప్పనే లేదే" అని అదే మాట పట్టుకుని ఉండిపోయింది.

సోమవారం పనిలో ఆమె ఒక అద్దాన్ని మరీ ఎక్కువగా అరగదీసేసింది. ఫ్రేములో పెడితే జారి బల్ల మీద పడింది. పెద్దాయన తలెత్తాడు.

"నీ చేతిలో అద్దం పాడవడం ఎప్పుడూ చూళ్ళేదు. ఏమైందమ్మా?"

"చనిపోయిన మా పిన్ని ఫోన్ చేసింది."

భాష సరిగా రాక అలా అందేమో అనుకున్నాడాయన. ఆమె మొదటినుంచీ నెమ్మదిగా చెప్పింది. ఆయన చేతిలోని ఫ్రేము పక్కన పెట్టేశాడు.

"మంచి వార్తే కదా మరి?"

"మంచి వార్తేనండి. వచ్చే నెల ఇక్కడికి వస్తానంది కూడా. సంతోషించడమే ఇంకా చేతకావడం లేదు. ఇన్నేళ్ళూ ఎవరి కోసం ఏడ్చానా అని ఆలోచిస్తున్నాను."

ఆయన లేచాడు. కుర్చీ తెచ్చి ఆమె వెనక వేశాడు. అప్పటిదాకా నిలబడే ఉన్నానని ఆమెకు అప్పుడే తెలిసింది.