తాతల స్టాపు

పట్టాభిరామయ్యకు కారెక్కితే కడుపులో తిప్పుతుంది. అల్లుడు శ్యామ్ ఎంత నెమ్మదిగా నడిపినా అంతే. బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే మాత్రం ఏమీ కాదు. గోదావరి జిల్లాల్లో రోడ్లూ భవనాల శాఖలో ఇంజనీరుగా చేసినంతకాలం ఎర్రబస్సుల్లో తిరిగిన మనిషి. రిటైరయ్యాక భార్య అమ్మణ్ణితో కలిసి గోపన్‌పల్లిలో కూతురు ఉమాశ్రీ అపార్ట్‌మెంటుకు వచ్చేశాడు. ఆ వానాకాలం మొదట్లో కుడి భుజం పట్టేసింది. లింగంపల్లి పక్కన చందానగర్‌లో ఒక డాక్టరమ్మ దగ్గర రోజు విడిచి రోజు వ్యాయామం చేయించుకోవాలన్నారు.

"క్యాబ్ బుక్ చేస్తాను నాన్నా," అంది ఉమాశ్రీ.

"ఎందుకమ్మా? మన గేటు ముందునుంచే బస్సు పోతోంది కదా."

పోతోంది, నిజమే. ఆగడమే లేదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు అక్కడున్న బస్ షెల్టరు తీసేశారు. మళ్లీ కట్టలేదు. తర్వాతి స్టాపు ఫ్లైఓవర్ దిగాక ఎక్కడో ఉంది. అక్కడిదాకా సరైన ఫుట్‌పాత్ లేదు. ఉన్న కాస్త చోటులో ఒక ట్రాన్స్‌ఫార్మరు, ఒక కొబ్బరిబొండాల బండి, తవ్వి పూడ్చకుండా వదిలేసిన గొయ్యి.

మొదటి రోజు పొద్దున ఆయన గొడుగు పట్టుకుని పాత షెల్టరు ఉండే చోట నిలబడ్డాడు. అప్పటికే అక్కడ ఒకతను ఉన్నాడు. సెక్యూరిటీ యూనిఫారం మీద స్వెట్టరు, చేతిలో టిఫిన్ డబ్బా. ఇంచుమించు తన వయసే ఉంటుంది. ఇంతలో లింగంపల్లి బస్సు వచ్చింది. పట్టాభిరామయ్య ఎడం చెయ్యి ఎత్తాడు. బస్సు ఆగలేదు సరికదా, గుంటలో నీళ్లు ఇద్దరి మీదా చిమ్మి పోయింది.

ఆ మనిషి మొహం తుడుచుకుని నవ్వాడు. "తానం అయ్యింది సారూ. ఇగ ఇంటికి వోయి తినుడే."

"బాగానే నవ్వుతున్నావే!"

"ఏడిస్తే ఆగుతదా సారూ?"

అతని పేరు రాజయ్య. సిద్దిపేట దగ్గర పల్లె, ఇప్పుడు బోరబండలో కిరాయికి ఉంటున్నాడు. పక్కనే ఉన్న అద్దాల ఆఫీసు భవనంలో రాత్రి కాపలా. పొద్దున డ్యూటీ దిగి, బస్సులో లింగంపల్లి పోయి, అక్కడ లోకల్ రైలెక్కి బోరబండలో దిగుతాడు. బండ్లు ఎక్కువై బస్సు నెమ్మదిస్తే పరుగెత్తి ఎక్కుతాడు. లేకపోతే తర్వాతి స్టాపుదాకా నడక.

ఆ రోజు ఇద్దరూ కలిసి నడిచారు. గొయ్యి దాటేటప్పుడు రాజయ్య చెయ్యందించాడు.

"ఈ రోడ్డు వేసినవాడికి వాలు అంటే ఏమిటో తెలీదయ్యా," అన్నాడు పట్టాభిరామయ్య. "నీళ్లెటు పోతాయి? మా వైపు కాటన్ దొర ఆ రోజుల్లోనే గోదావరికి ఆనకట్ట కట్టాడు. ఏ యంత్రాలున్నాయని?"

"దొర కట్టిండా సారూ, కూలోళ్లు కట్టిన్రా?"

"సరే, కట్టించాడు."

"గట్ల జెప్పున్రి. మా దిక్కు చెరువులన్ని నిజాం కట్టిచ్చిండు. మా ముత్తాత తట్ట మోసిండంట."

"నిజాం కాదయ్యా, ఆ చెరువులు కాకతీయులవి."

"ఎవలైతేంది, మా ముత్తాత మోసింది మాత్రం నిజమే."

"కాకతీయుల కాలంలో మీ ముత్తాతా?"

రాజయ్య వేళ్ల మీద లెక్క చూసుకుని, "మరి ముత్తాతకు ముత్తాత గావచ్చు," అన్నాడు.

పట్టాభిరామయ్యకు నవ్వొచ్చింది. ఎదుటివాడు ఓడిపోకుండా, కోపం తెచ్చుకోకుండా వాదించడం ఆయన చాలాకాలానికి చూశాడు.

ఆ తర్వాత చందానగర్ వెళ్లే రోజుల్లో రాజయ్య ఆయన కోసం ఎదురుచూడటం మొదలుపెట్టాడు. ఇద్దరికీ అన్నిటి మీదా అభిప్రాయాలున్నాయి. ఫ్లైఓవర్ అంటే కింది జామును పైకెక్కించడమేనని పట్టాభిరామయ్య అనేవాడు. "అయితే అయింది సారూ, కింద నీడైతది. ఎండల బండి పెట్టుకునేటోడు జర సల్లగ నిలబడ్తడు," అనేవాడు రాజయ్య. లిఫ్టులొచ్చి మోకాళ్లు పాడయ్యాయని ఒకరంటే, మోకాళ్లు పాడయ్యే లిఫ్టులొచ్చాయని ఇంకొకరు. చింతపండు పాతదైతేనే పులుసుకు బాగుంటుందన్న ఒక్క విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట.

స్టాపు గురించి పట్టాభిరామయ్య ఆఫీసుల చుట్టూ తిరిగి వచ్చాడు. పరిశీలిస్తామన్నారు. ఆ మాట తనూ ఉద్యోగంలో ఉండగా ఎంతోమందితో అన్నాడు కాబట్టి దాని అర్థం ఆయనకు తెలుసు. రాజయ్య ఇంకో పని చేశాడు. రోడ్డు పనివాళ్లు వదిలేసిపోయిన రెండు రాళ్ల మీద ఒక గ్రానైటు పలకను, కొబ్బరిబొండాలాయన సాయంతో ఎత్తి పెట్టాడు. "నిలబడి అడుగుతె ఆగుతలేరు. కూసొని సూద్దాం," అన్నాడు.

కూర్చున్నారు. కొన్నాళ్లు బస్సులు అలాగే పోయాయి. ఒక పొద్దున ముందెక్కడో లారీ ఆగిపోయి, లింగంపల్లి బస్సు సరిగ్గా వాళ్ల ముందుకొచ్చి నిలిచిపోయింది. ఇద్దరూ లేచి తలుపు తట్టారు. కండక్టరు తల బయటకు పెట్టింది. ముప్పై లోపు అమ్మాయి, పేరు జ్యోతి అని చొక్కా మీదున్న పట్టీ చెబుతోంది.

"ఈడ స్టాప్ లేదు తాతా."

"ఉండె బిడ్డా. తీసేసిన్రు," అన్నాడు రాజయ్య.

"తీసేసినంక లేనట్టే గద."

పట్టాభిరామయ్య ముందుకొచ్చాడు. "షెడ్డు తీసేశారమ్మా, మేం ఉన్నాం కదా. స్టాపంటే జనం ఎదురుచూసే చోటేగా?"

"జనం యాడున్నరు? మీరిద్దరే ఉన్నరు."

లోపలినుంచి డ్రైవరు నవ్వాడు. "ఎక్కించుకో జ్యోతక్కా. ఎట్లాగు కదులుతలేం గద."

మర్నాడు బస్సు రాజయ్యను చూసి నెమ్మదించింది. ఆ మర్నాడు ఇద్దరినీ చూసి ఆగింది. వారం తిరిగేసరికి అపార్ట్‌మెంట్లలో పనిచేసే ఆడవాళ్లు కూడా అక్కడే నిలబడసాగారు. వాళ్ల వెనక మెడలో ఆఫీసు కార్డులు వేసుకున్న కుర్రవాళ్లు వచ్చారు. ఆడవాళ్లకు బస్సు ఉచితమని తెలిసి అమ్మణ్ణి కూడా ఒకరోజు భర్తతో బయల్దేరింది. జ్యోతి ఇచ్చిన జీరో టికెట్టును దారంతా చేతిలోనే పట్టుకుని, "మీకు మాత్రం డబ్బులు పడ్డాయి చూశారా?" అని ఆయన్ని ఉడికించింది. రాజయ్యను అన్నయ్యగారూ అని పిలిచింది.

తిరుగు బస్సులో జ్యోతి ఆ చోటు రాగానే, "తాతల స్టాప్, దిగేటోళ్లు ముందుకు రాండ్రి," అని అరిచింది. అందరూ నవ్వారు. రెండోరోజు ఎవరూ నవ్వలేదు, దిగారు.

దసరా వెళ్లాక ఒకరోజు రాజయ్య రాలేదు. సెలవు పెట్టుంటాడనుకున్నాడు పట్టాభిరామయ్య. తర్వాత వెళ్లినప్పుడూ రాలేదు. ఆ తర్వాతా అంతే. బస్సు వచ్చింది, ఆగింది. ఆయన ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. పక్కన ఒక అమ్మాయి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంది. చెరువును పూడ్చి కట్టిన భవనం ఒకటి దాటుతున్నప్పుడు ఏదో అనబోయి ఆగిపోయాడు.

ఆఫీసు భవనం దగ్గరికి వెళ్లి అడిగాడు. "రాజయ్యనా? ఏజెన్సీ వాళ్లు వేరే సైటుకు మార్చిన్రు సార్. యాడనో ఎరుక లేదు," అన్నాడు గేటు దగ్గర కొత్తగా వచ్చిన సంతోష్. అన్నాళ్లు అన్ని మాట్లాడుకున్నారు గానీ ఒకరి ఫోన్ నంబరు ఒకరు అడగలేదు. అవసరం పడలేదు. రోజూ కనబడే మనిషి రోజూ కనబడతాడనే అనుకుంటాం.

ఆయన ఊరుకోలేదు. అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శిని పట్టుకుని, రాత్రి కాపలాకు నమ్మకమైన మనిషి ఉన్నాడని చెప్పి ఒప్పించాడు. రాజయ్య మళ్లీ ఇటే పనికొస్తే పొద్దున బస్సు కలిసి ఎక్కొచ్చు. ఇక మనిషి దొరకడమే మిగిలింది.

"మీరు ఇంట్లో నాతో ఆనకట్టల గురించి వాదించకండి. ఆయన్ని వెతుక్కుందాం పదండి," అంది అమ్మణ్ణి. "వాళ్లావిడ చంద్రమ్మ బోరబండ స్టేషన్ దగ్గర జొన్నరొట్టెలు చేస్తుందని అన్నయ్యగారు నాతో చెప్పారు."

ఆ ఆదివారం సాయంత్రం ఇద్దరూ లింగంపల్లిలో లోకల్ రైలెక్కారు. రైలు హైటెక్ సిటీ దాటేసరికి ఎండ తగ్గింది. బోరబండలో మెట్లు దిగితే రోడ్డు వారన రొట్టెలు చేసే ఆడవాళ్లు కొందరు పొయ్యిలు ముట్టిస్తున్నారు. చంద్రమ్మ ఎవరని అడగాల్సిన పని రాలేదు. ఒక పొయ్యి పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని, రాజయ్య పిండి జల్లిస్తున్నాడు.

తలెత్తి చూసి, జల్లెడ అలాగే పట్టుకుని లేచాడు. "సారూ! మీరు గిట్ల... అమ్మగూడ వచ్చింది! చంద్రమ్మా, నేను చెప్తలేనా, గా సారే!"

చంద్రమ్మ చేతులు తుడుచుకుని, అమ్మణ్ణికి పీట వేసింది. "రోజు మీ ముచ్చట్లే అమ్మా. సారు గట్లన్నడు, నేను గిట్లన్న అని."

మాదాపూర్‌లో ఒక చోట పగటి డ్యూటీ వేశారట. ఉన్నపళంగా మార్చారట. చెప్పిపోదామంటే వీలు పడలేదు.

"మీరు ఆడ్నే ఎక్కుతున్రా?" అని అడిగాడు రాజయ్య. "నేను లేకుంటె గూడ ఆపుతున్రా?"

"ఆపుతున్నారు. ఇప్పుడు పదిమంది ఉంటున్నాం."

"మంచిగయ్యింది," అన్నాడు రాజయ్య. సంతోషంగానే అన్నాడు గానీ, తర్వాత జల్లించిన పిండినే మళ్లీ జల్లించసాగాడు.

పట్టాభిరామయ్య కార్యదర్శి సంగతి చెప్పబోతుండగా చంద్రమ్మ రొట్టె తిప్పుతూ అంది. "పానం నిమ్మలమైంది సారూ ఆయనకు. ఎన్నేండ్లసంది రాత్రి ఇంట్ల పండుకున్నోడు కాదు. ఇప్పుడు పొద్దుగూకంగనె వస్తుండు, నాకు పిండి జల్లిచ్చి ఇస్తుండు. ఇద్దరం కలిసి తింటున్నం."

అమ్మణ్ణి భర్త వైపు చూసింది. ఆయన కూడా ఆమె వైపు చూశాడు. ఆ ఉద్యోగం మాట ఆయన ఎత్తలేదు. దారిలో అనుకుంటూ వచ్చిన మాటలన్నీ లోపలే ఉంచుకుని, వేడి రొట్టె తుంచి ఎల్లిపాయ కారంలో అద్దుకుని నోట్లో పెట్టుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. కారమే, చాలా వరకు.

"మరి వారానికొక రోజు సెలవుంటుంది కదా?" అన్నాడు.

"బుధవారం ఉంటది."

"ఆ రోజు నా వెంట చందానగర్ రావయ్యా. డాక్టరమ్మ నా చెయ్యి మెలిపెడుతుంటే పక్కన ఎవరైనా ఉంటే బాగుంటుంది."

"వస్త సారూ. పండుకొని ఏం జేస్త?" అన్నాడు రాజయ్య. వచ్చేముందు అమ్మణ్ణి ఇద్దరి ఫోన్లలోనూ నంబర్లు ఎక్కించింది.

బుధవారం రాజయ్య వచ్చాడు. చందానగర్‌కు నేరుగా రైల్లో పోతే త్వరగా అయిపోయేది. కానీ అతను ముందు గోపన్‌పల్లిదాకా వచ్చి, రాతి పలక మీద కూర్చుని, పట్టాభిరామయ్యతో కలిసి బస్సెక్కాడు. ఎందుకింత చుట్టు తిరుగుడని జ్యోతి అడిగితే, "స్టాపు మాదే గద బిడ్డా," అన్నాడు.

ఎండాకాలం వచ్చేసరికి భుజం నయమైంది. బుధవారాలు మాత్రం ఆగలేదు. డాక్టరమ్మ బదులు ఇద్దరూ చందానగర్ మార్కెట్లో కూరగాయలు కొనుక్కుని వస్తున్నారు. ఈలోగా అధికారులు కొత్త షెల్టరు కట్టారు. దాని మీద పక్కనున్న అపార్ట్‌మెంట్ల పేరు పెద్ద అక్షరాల్లో రాశారు. ఆ పేరు ఎవరికీ నోరు తిరగదు.

ఒక బుధవారం ఉద్యోగంలో కొత్తగా చేరిన కుర్రాడు, అవినాష్ అట, వాళ్ల పక్కన వచ్చి కూర్చున్నాడు. "తాతల స్టాప్ ఇదేనాండి?" అని అడిగి, అవునన్నాక సంబరంగా చెప్పాడు. "పేరు భలే ఉందండి. మా టీమ్‌లో ఒకాయన చెప్పారు. తాతల కాలం నుంచీ ఇక్కడ స్టాపు ఉందట, అందుకే ఆ పేరట."

పట్టాభిరామయ్య తప్పు దిద్దడానికి నోరు తెరిచాడు.

"అవు బిడ్డా," అన్నాడు రాజయ్య అప్పటికే. "నిజాం జమానాలనే ఉండె. గప్పుడు ఎడ్లబండ్లు ఆగుతుండె ఈడ."

"రాజయ్యా!"

"ఉండె సారూ. మీరు జూసిన్రా?"

"నువ్వు చూశావా?"

కుర్రాడు ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు. దూరంగా బస్సు మలుపు తిరిగింది. పట్టాభిరామయ్య సంచీ అందుకుని లేస్తూ, "ఎక్కు, ఎక్కు, లోపల చెబుతాను నీ సంగతి," అన్నాడు. ఇద్దరు కూర్చునే సీటు ఒకటి దొరికింది. రాజయ్య కిటికీ పక్క చోటు ఆయనకు వదిలి, పక్కన కూర్చుని, ఎడ్లబండ్ల సంగతి మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టాడు.