ఎదురుచూసిందా, నిలబడిందా

ప్రాచీన భాషల శాఖలో ఏడాదికోసారి చిన్న సభ జరుగుతుంది. ఆ ఏడు ఎవరేం సాధించారో చెప్పి చప్పట్లు కొడతారు, కేకు కోస్తారు, ఇంటివాళ్లనూ పిలుస్తారు. ఈసారి చిన్న లెక్చరరుకు డాక్టరేటు వచ్చింది. అందరూ కావ్యం మాస్టారనే పెద్దాయనకు, వేల ఏళ్లనాటి ఒక విలాప కావ్యాన్ని అనువదించినందుకు పెద్ద బహుమతి వచ్చింది.

సభ దగ్గర పడేసరికి హెడ్ గారికి గొంతు పోయింది. ఆవిడ, వ్యాకరణం చెప్పే మేడమ్ గదికి వచ్చి, "మాస్టారి గురించి నువ్వే మాట్లాడాలమ్మా" అని గుసగుసగా అన్నారు.

"నేనా? మా ఇద్దరికీ మాటల్లేవని తెలిసీ?"

"ఆ భాష లోతు తెలిసినవాళ్లు ఇక్కడ మీరిద్దరే. ఆయన్నే ఆయన పొగుడుకోమననా?"

వాళ్ల మధ్య మాటలు ఆగిపోయింది ఒక్క క్రియాపదం దగ్గర. కావ్యంలో అన్న సముద్రం మీదికి వెళ్తాడు. పడవ అతను లేకుండా తిరిగొస్తుంది. అందరూ ఇళ్లకు వెళ్లిపోయినా చెల్లెలు ఒడ్డునే 'ఎదురుచూసింది' అని మాస్టారు, 'నిలబడింది' అని మేడమ్. నాలుగేళ్ల క్రితం సెమినార్లో ఆమె అందరి ముందూ తప్పు పట్టింది. ఆయనకు చిర్రెత్తుకొచ్చి, "వ్యాకరణం బట్టీపట్టినవాళ్లకి కవిత్వం ఎక్కడ తెలుస్తుంది!" అనేశారు. అంతవరకు ఒకరింట్లో ఒకరు భోంచేసిన కుటుంబాలు. ఆ తర్వాత ఇద్దరూ వరండాలో ఎదురుపడితే గోడల వంక చూస్తూ తప్పుకునేవారు.

ఆ సాయంత్రం మేడమ్ పెన్సిలు చెక్కుకుని మరీ మాస్టారి అనువాదం తెరిచింది. మొదట్లో ఒకటి రెండు చోట్ల గీతలు పెట్టింది. కాసేపటికి పెన్సిలు ఎక్కడ పెట్టిందో మరిచిపోయింది. వాళ్లాయన భోజనానికి పిలిస్తే, "ఉండండి, పడవ ఇంకా రాలేదు" అంది. ఆ మాట దగ్గర మాస్టారు పట్టు వదల్లేదు. 'ఎదురుచూసింది' అనే ఉంది. ఆమెకు నవ్వొచ్చింది. మరుక్షణమే కళ్లు చెమర్చాయి.

సభలో ఆమె మాట్లాడటానికి లేచింది. మాస్టారు తల వంచుకున్నారు.

"ఈ కావ్యాన్ని ఏళ్ల తరబడి పాఠం చెప్పాను. ఇందులో ఏ మాట ఏ ధాతువు నుంచి వచ్చిందో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ఆ చెల్లెలి గొంతు మాత్రం మాస్టారి పుస్తకంలోనే మొదటిసారి విన్నాను." ఆమె ఒక పేజీ చదివి వినిపించింది. తర్వాత అంది, "ఒక్క మాట మాత్రం ఇప్పటికీ తప్పే. పొగడమన్నారు కదా అని అబద్ధం చెప్పలేను."

నవ్వాలో వద్దో ఎవరికీ తెలియలేదు. మాస్టారు తలెత్తారు.

"తప్పు కాదమ్మా. ఎదురుచూడకపోతే ఆ పిల్ల అక్కడెందుకుంటుంది?"

"అన్న రాడని తెలుసు కాబట్టి. ఇంటికెళ్తే అది నిజమైపోతుంది కాబట్టి."

మాస్టారు ఆమె చేతిలోని పుస్తకం వంక చూశారు. "ఈ ముక్క ఆ రోజు చెప్పలేదే?"

"మీరు చెప్పనిచ్చారా?"

మాస్టారి భార్య పకపకా నవ్వేసింది. దాంతో అందరూ నవ్వేశారు.

కేకు పంచుతుంటే ఆయన పళ్లెం పట్టుకుని ఆమె దగ్గరికి వచ్చారు. "ఆ రోజు నోరు జారానమ్మా. ఎన్నిసార్లు మీ తలుపు దాకా వచ్చి వెనక్కెళ్లానో."

"నేనూ నలుగురిలో అనకుండా ఉండాల్సింది."

"వదినా, ఆదివారం భోజనానికి రండి," అంది మాస్టారి భార్య. "మిగతా గొడవ మా ఇంట్లో పెట్టుకోండి. ఇన్నాళ్లూ ఈయన వాదనంతా నేనొక్కదాన్నే విన్నాను."

తర్వాతి టర్ములో ఆ కావ్యాన్ని ఇద్దరూ కలిసి చెప్పారు. వారమంతా కూర్చున్నా మూడు పాదాలు దాటలేదని విద్యార్థులు హెడ్ గారి దగ్గర మొరపెట్టుకున్నారు.

"మూడు దాకా వెళ్లారా?" అని ఆవిడ ఆశ్చర్యపోయారు.