ఇద్దరు కూర్చున్న హార్మోనియం

హార్మోనియం పెట్టె మీద కూతురు సారిక ఆరిన బట్టలు కుప్ప పోసిన రోజే సునీతకు అర్థమైంది, వ్యవహారం ముదిరిందని.

మొదట్లో ఆ పిల్లకు జడ వేస్తున్నా సరిగమలే, స్నానాల గదిలోనూ సరిగమలే. ఇప్పుడా పదేళ్లది పెట్టె వైపే చూడటం లేదు. రెండు శనివారాలు క్లాసు ఎగ్గొట్టింది. ఈ శనివారం వస్తుందో, మానేస్తుందో చెప్పమని సారంగపాణి సార్ ఫోన్ చేశారు. ఇవాళే ఆ శనివారం.

సునీత మిర్చి బజ్జీలు తెప్పిస్తానంది. సెల్లు ఇవ్వనంది. ఎదురింటి పిల్లను చూసి నేర్చుకోమంది. ఆ మాటతో సారిక మంచమెక్కి గోడ వైపు తిరిగింది.

ముందుగదిలో మగ్గం మీంచి లేచి వచ్చింది అత్తగారు మల్లవ్వ. "ఏందే బిడ్డా, గంత కష్టమా?"

"కష్టం కాదు బాపమ్మా, బోర్! ఒక్కదాన్నే కూసోవాలె. ఒక చేత్తోని గాలి కొట్టాలె, ఒక చేత్తోని వాయించాలె. తప్పు పోతే అమ్మ అరుస్తది."

"నేనెప్పుడు అరిచిన?" అని వంటింట్లోంచి అరిచింది సునీత.

మల్లవ్వ నవ్వాపుకుంది. యాభై ఏళ్లుగా ఆమె భర్త పక్కనే ఒకే బల్ల మీద కూర్చుని జంపఖానాలు నేస్తోంది. వెడల్పువాటికి ఇద్దరు కూర్చోవాల్సిందే.

"ఒక్కదాన్నే కూసుంటే నాకు గూడ నిద్రొస్తది. పక్కన మీ తాత లొల్లి వెడ్తాంటేనే పని సాగుతది. జర జరుగు, గాలి నేను కొడ్త."

కొట్టింది. నేసిన పోగుల్ని దగ్గరికి గుద్దే ఇనుప పంజాను ఎలా కొడుతుందో, అచ్చం అలాగే. హార్మోనియం బర్రెలా అరిచింది.

"మెల్లగ బాపమ్మా! అది మగ్గం గాదు!"

"మరి నువ్వు ఆగకు. ఆగితే నా చెయ్యి గుంజుతాంది."

పిల్ల కిసుక్కున నవ్వి వేళ్లు పెట్టింది. మూడో స్వరం దగ్గర తప్పింది. సునీతకు మాట నాలుక చివరిదాకా వచ్చింది. తరుగుతున్న టమాటా ముక్కను గబుక్కున నోట్లో కుక్కుకుంది.

"అగో, గాడ ఏందో తేడా కొట్టింది," అంది మల్లవ్వ.

"నీ గాలే తేడా!"

"నా గాలికి పేరు వెట్టకు. మళ్లొకసారి వాయించు, ఎవలది తప్పో తెలుస్తది."

మళ్లొకసారి, ఇంకొకసారి. పొయ్యి మీద పప్పు ఉడికి, చల్లారింది కూడా.

నాలుగింటి క్లాసుకు ఇంకా టైం ఉండగానే సారిక జడలు వేసుకుని వచ్చి నిలబడింది. "అమ్మా, స్వరం దిగేటప్పుడు మధ్యల తెగుతాంది. బాపమ్మ నాదే తప్పంటాంది. సార్‌ను అడగాలె. తీస్కపోతవా?"

"నేను గూడ వస్త," అంది మల్లవ్వ, కొంగు సర్దుకుంటూ. "నా ముందల్నే చెప్పాలె ఆ సారు."

సునీత స్కూటీ తీసింది. సందు చివరిదాకా వెనక ఇద్దరూ తగువాడుకుంటూనే ఉన్నారు. ఆమె మాత్రం ఒక్క మాటా కలపకుండా, బండిని మెల్లగా పోనిచ్చింది.