బాలమణి నడుముకెక్కిన కత్తి

నేను ఒక గీత కత్తిని. తాటిగెల కొసను పలచగా చెక్కితేనే కల్లు కారుతుంది. ఆ చెక్కుడు కోసమే పుట్టాను. అంతకుముందు ఏదో లారీ కింద కమాన్ పట్టీగా ఉండేదాన్నట. కమ్మరి నన్ను కాల్చి, సాగగొట్టి నాంపల్లి గౌడ్ చేతికిచ్చాడు.

నాంపల్లి పొద్దున్నే పలుగురాయి పొడి చల్లిన చెక్క మీద నన్ను నూరేవాడు. తన మొహంలోకి ఏనాడూ అంతసేపు చూడలేదని భార్య బాలమణి నవ్వేది.

ఒక వానాకాలం, చెట్టెక్కేటప్పుడు నడుముకు చుట్టుకునే మోకు తెగి చెట్టు మీంచి పడ్డాడు. ప్రాణం దక్కింది గాని కాళ్లు నిలబడలేదు. నేనే కిందికి తోసినట్టు, నన్ను అటక మీద పారేయమన్నాడు. కోపం వస్తే మనుషులు అందిన వస్తువు మీద చూపిస్తారు. నాకు అభ్యంతరం లేదు. అక్కడే తుప్పు పట్టాను.

చలికాలం రాగానే గీత సంఘం పెద్ద వచ్చాడు. ఈసారి గీయకపోతే నాంపల్లి వంతు చెట్లు వేరేవాళ్లకు అప్పగించక తప్పదని మెల్లగా చెప్పి వెళ్లాడు. తానే గీస్తానంది బాలమణి. పుట్టింట్లో తండ్రి వెంట చెట్లెక్కిన మనిషి. ఆడది చెట్టెక్కితే పరువు పోతుందన్నాడు నాంపల్లి. అటక మీంచి మొహాలు బాగా కనిపిస్తాయి. అది పరువు కాదు, భయం.

మర్నాడు బాలమణి నన్ను దించి, వాకిట్లో కూర్చుని గరుకు కాగితంతో బరబరా రుద్దడం మొదలుపెట్టింది. తుప్పుతో పాటు అంచూ పోతోంది. మంచం మీద అటు తిరిగి పడుకున్న నాంపల్లి కాసేపు ఓర్చుకున్నాడు.

"అంచు మీద రుద్దుతున్నవ్. మొద్దువారిన కత్తితోని గోస్తే గెల నలుగుతది, చుక్క కారది. ఇటియ్యి."

గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ముందు గరుకు కాగితం, తర్వాత నున్నటిది, నీళ్లు చిలకరిస్తూ ఒకే వైపుకు, తొందర లేకుండా. తుప్పు ఎర్రటి నీరై కారింది. ఆపైన చెక్క మీద రాతిపొడితో నూరి, నూనెగుడ్డతో తుడిచి, ముంజేతి వెంట్రుకల మీద పెట్టి చూశాడు. తెగాయి.

బాలమణి చెయ్యి చాపింది. అతను ఇవ్వలేదు. మోకు తెమ్మన్నాడు. దాన్ని పేట పేటా వేళ్లతో తడిమి, బలమంతా పెట్టి గుంజి చూశాడు. నాకు పట్టిన దానికంటే ఎక్కువ సేపే పట్టింది. అప్పుడు నన్ను ఆమె చేతిలో పెట్టి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

నేను ఆమె నడుముకు వేలాడుతూ పైకి వెళ్లాను. గెల మెత్తగా తెగింది. ఇంటికొచ్చాక నాంపల్లి కల్లు సంగతి అడగలేదు.

"చెయ్యి వణికిందా?"

"వణికింది."

"నాకు గూడ."

"మొదటి దినమా?"

"పడ్డ దినం దాక. రోజూ."

బాలమణి అతని పక్కన కూర్చుని, చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది.

చెట్లు వాళ్లకే ఉన్నాయి. రోజూ నూరించుకుని నేనే సన్నబడ్డాను. ఇక చెట్టుకు పనికిరానని బాలమణి నన్ను వంటింట్లో ఉల్లిగడ్డలకు పెట్టుకుంది. బాధేమీ లేదు. ఉల్లిగడ్డ కోసేటప్పుడు ఎవరి చెయ్యీ వణకదు.