ఐతారం గుడి

నోటీసు వచ్చిన రోజు దివాకర్ కొంగరకలాన్ ఫ్యాక్టరీలో పగటి షిఫ్టులో ఉన్నాడు. సాయంత్రం బస్సు దిగి నేరుగా ఇబ్రహీంపట్నం శివారులోని చర్చికి వెళ్లి, మెట్ల మీద కూర్చుని దాన్ని రెండుసార్లు చదివాడు. సంఘానికి కార్యదర్శి అతనే.

చర్చి ఉన్న పది గుంటల భూమి ఎప్పుడో కూలిపోయిన ఒక గుడిదని, క్రైస్తవులు తర్వాత వచ్చి ఆక్రమించారని ఫిర్యాదు. పెట్టింది సతీశ్. చర్చి వెనకాల ఇళ్ల ప్లాట్ల వెంచర్ వేసింది అతనే. ఆ గుడి ఇప్పుడు లేదు కాబట్టి స్థలం సర్కారుదని తేలితే అందులోంచి మెయిన్ రోడ్డుకు దారి అడుగుతాడు. అప్పుడు చర్చి పడగొట్టక తప్పదు.

మంగళవారం విచారణలో సతీశ్ ఆర్డీవో ముందు రెండే కాగితాలు పెట్టాడు. మొదటిది 1955 నాటి పహాణీ, ఊరి భూముల రికార్డు. పది గుంటల ఎదురుగా ఒకే మాట: గుడి. రెండోది చర్చి డెబ్బై ఏళ్ల చరిత్ర. రాసినవారు దివాకర్ అని అట్ట మీదే ఉంది.

"వీళ్ల సొంత పుస్తకం మేడం. నూట ఇరవై పేజీలు. ఒక్కచోట గుడి అన్న మాట లేదు. అది గుడి, ఇది చర్చి. రెండూ వేరు."

 ఆ మాట తీసేసింది దివాకరే.

ఆ చరిత్ర అంతా సంఘ పెద్ద జానయ్య నోటిమాట. ఎనభై నాలుగేళ్ల మనిషి. మూడు నెలలు వరండాలో కూర్చుని చెప్పాడు. మొదట వేసిన పూరిపాక కాలిపోవడం, 1951లో ఇరవై రెండు కుటుంబాలు గుట్ట నుంచి రాళ్లు మోయడం, గంట కొనలేక రైలు పట్టా ముక్క వేలాడదీసి కొట్టడం. చెప్పినంతసేపూ గుడి అనే అన్నాడు. గుడికి రాళ్లు మోసినం, గుడిల పెండ్లి జేసిండ్రు. పాత క్రైస్తవులంతా చర్చిని అలాగే అంటారు. ఫ్యాక్టరీలో తోటివాళ్లు చదివి నవ్వుతారని దివాకర్ సిగ్గుపడ్డాడు. అచ్చుకు ఇచ్చేముందు కంప్యూటర్‌లో ఒక్క మీట నొక్కి గుడి అన్నచోటల్లా చర్చి అని మార్చేశాడు. రెండువందల పదకొండు చోట్ల. పాత ప్రతి దాచలేదు.

దివాకర్ లేచి నిలబడి అదంతా ఆర్డీవోకు చెప్పాడు.

"అవసరం వచ్చింది, మాట మార్చిండు," అన్నాడు సతీశ్, గొంతు పెంచకుండా.

ఆవిడ ఏదో రాసుకుని, శుక్రవారం స్థలం చూడటానికి వస్తానంది.

పెళ్లిళ్ల రిజిస్టరులో గుడి అనే రాసి ఉండేది కానీ, దాన్ని ఎప్పుడో చెదలు తినేశాయి. మిగిలింది మనుషుల సాక్ష్యమే. పదిమంది ముసలివాళ్లను పిలిచి ఏం చెప్పాలో నేర్పుదామని దివాకర్ జానయ్యను అడిగాడు. 

"నా మాట దిద్దినవ్, గిట్లయింది. ఇగ ఊరోళ్ల మాట గూడ దిద్దుతవా బిడ్డా?"

ఎవరినీ పిలవలేదు.

శుక్రవారం ఆర్డీవో జీపును చర్చి దాకా తేలేదు. చౌరస్తాలోనే ఆపించి, సర్వేయరుతో కలిసి నడక మొదలుపెట్టింది. దివాకర్‌నూ సతీశ్‌నూ వెనక రమ్మని, ఇద్దరినీ నోరు తెరవొద్దంది. ఎదురైనవాళ్లను తనే అడుగుతుందట: ఇక్కడ గుడి ఎక్కడ?

టీకొట్టు ఆయన కోస్తా నుంచి కొత్తగా వచ్చినవాడు, తనకు తెలియదన్నాడు. బండి ఆపిన పడుచువాడు హనుమాన్ గుడి వైపు చేయి చూపాడు. సతీశ్ నడకలో హుషారు వచ్చింది. దివాకర్ జేబులో చేతులు పెట్టుకుని నేల చూస్తూ నడిచాడు.

కల్వర్టు మీద చేపల గంప దించుకుని బాలనర్సమ్మ కూర్చుంది. చెరువులో చేపలు పట్టే కుటుంబం. ఎనభై దాటిన మనిషి.

"గుడి ఎక్కడమ్మా?"

"ఏ గుడి బిడ్డా? హనుమాండ్ల గుడా, ఐతారం గుడా?"

ఆర్డీవో ఆగిపోయింది. "ఆదివారం గుడా? అదేది?"

"గదే," అని ముసలామె చర్చి వైపు గడ్డం ఎత్తింది. "ఐతారం ఐతారం పాటలు పాడ్తరు గద."

సతీశ్ ఆగలేకపోయాడు. "మరి చర్చి ఏది, పెద్దమ్మా?"

"చర్చా? గది పట్నంల ఉంటది గావొచ్చు. మా దిక్కు లేదు."

సర్వేయరు నవ్వు ఆపుకోవడానికి దగ్గాడు. ఆ చర్చి కంటే ముందు అక్కడ ఇంకో గుడి ఉండేదా అని ఆర్డీవో మెల్లగా అడిగింది. బాలనర్సమ్మ తల అడ్డంగా ఊపింది. అంతా పల్లేరు ముళ్లేనంది.

"చెరువుల గుల్లలు ఏరి మా అయ్యనే సున్నం గాల్చిండు గీ గుడికి. నేను గింత పిల్లను. కాళ్లు కోసుకపోయినయి."

ఆర్డీవో చర్చి దాకా నడిచి వెనక గోడ దగ్గర ఆగింది. రంగు పెచ్చులు ఊడినచోట సర్వేయరు తాళంచెవితో రాళ్ల మధ్య సున్నం గీకాడు. పొడి రాలింది. పొడిలో సగం కాలిన గుల్ల ముక్కలు, గోరంతవి, తెల్లగా మెరిశాయి. ఆవిడ కొన్ని కాగితంలో పొట్లం కట్టించింది.

సతీశ్ ఒక గుల్ల ముక్కను చేతికి తీసుకుని చూశాడు. 

అక్కడే గోడకు కాగితం ఆనించి ఆర్డీవో చెప్తుంటే సర్వేయరు రాశాడు. పహాణీలో గుడి అని ఉన్నది ప్రస్తుత ప్రార్థనా మందిరమే. పది గుంటలు సంఘం స్వాధీనంలో ఉన్నాయి. ఫిర్యాదు కొట్టివేయడమైనది. సోమవారం హద్దురాళ్లు వేయిస్తానని, వెంచర్ దారి ఇంకో వైపు చూసుకోమని సతీశ్‌తో చెప్పింది.

గుమ్మంలో నిలబడ్డ జానయ్యకు దివాకర్ దూరం నుంచే తల ఊపాడు. ముసలాయన ఆ గుమ్మంలోనే కూర్చున్నాడు.

కల్వర్టు మీదినుంచి బాలనర్సమ్మ కేక వేసింది.

"పంచాయితీ ఒడిసిందా? మంచాల ఊరి బస్సు వొస్తది. ఎవలన్న జర గంప ఎత్తుండ్రి."

దివాకర్ పరుగెత్తాడు.