ఆయన జేబులో మోగిన బుకింగ్

ఆ మేడ మెట్లు దిగివస్తున్న హారతిని సాయిదుర్గ కళ్ళారా చూసింది. చున్నీ చేతిలో ఉంది, కిట్టు బ్యాగు పైనే ఉండిపోయింది. ఫేషియల్ చేయడానికి వెళ్ళిన పిల్ల మీద ఆ ఇంటాయన చెయ్యేశాడు. పని మధ్యలో వదిలేసిందని సాయంత్రానికల్లా యాప్ కంపెనీ హారతి ఐడీనే బ్లాక్ చేసింది. చెయ్యేసినవాడు మాత్రం నిక్షేపంగా ఉన్నాడు. ఇదెక్కడి న్యాయమో చెప్పండి!

రాజమండ్రిలో ఆ యాప్ మీద ఇళ్ళకెళ్ళి బ్యూటీ పని చేసే ఆడవాళ్ళు పద్నాలుగు మంది. హారతి ఐడీ తెరిచేదాకా ఒక్కరూ లాగిన్ కాకూడదనుకున్నారు. అదీ ఎప్పుడు? వరలక్ష్మీ వ్రతం ముందురోజు, ఊపిరాడనన్ని బుకింగులుండే గురువారం. పొద్దున్నే పుష్కరాల రేవు మెట్ల మీద కూర్చున్నారు. సాయిదుర్గ భర్త చంద్రరావు అదే కంపెనీలో ఫుడ్ డెలివరీ మగాళ్ళ యూనియన్ నాయకుడు. మీ వెనక మేమున్నామన్నాడు. ఆ మాట నమ్మే సాయిదుర్గ అందరినీ కూడగట్టింది.

చంద్రరావు పది బైకులతో వచ్చాడు. చేతి మైకు అందుకుని, అక్కచెల్లెళ్ళ పోరాటం మన పోరాటం అంటుండగా అతని జేబులో ఫోన్ మోగింది. ఫుడ్ ఆర్డర్‌ది కాదు, బ్యూటీ బుకింగ్ మోత అది. నిద్రలో విన్నా వాళ్ళు గుర్తుపడతారు.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, ఈ దొంగను ఫోనే పట్టించింది. సాయిదుర్గ లేచి వెళ్ళి అతని జేబులోంచి ఫోన్ తీసింది. తెర మీద తన ఫొటో, పక్కన లాగిన్ అయినట్టు పచ్చచుక్క. చేరేటప్పుడు ఆధార్‌కి కలిపిన నంబరడిగితే అందరూ ఇంట్లో మగాళ్ళ నంబర్లే ఇచ్చారు. ఓటీపీ వాళ్ళకే వస్తుంది. లాగిన్ కావడానికి ఇక పెళ్ళాంతో పనేముంది?

చంద్రరావు నసిగాడు. ఆడవాళ్ళు లాగిన్ అయితేనే మగాళ్ళ డిమాండ్ల మీద చర్చలని మేనేజర్ అన్నాడట. మిగతా మగాళ్ళ చేత కూడా తనే చేయించాడట.

"ముందు మాది తేలనీ. తర్వాత మీది చూద్దాం."

కంపెనీ మోసం చేస్తుందని సాయిదుర్గకి తెలుసు. జెండా పట్టినవాడే చేస్తాడని ఎవరనుకుంటారు?

"మమ్మల్ని అమ్మి తెచ్చేది గెలుపెలా అవుద్దండీ?"

లాగౌట్ చేస్తే ఓటీపీతో మళ్ళీ లాగినవుతాడు. అందుకే బుకింగ్ కాదని నొక్కింది. మళ్ళీ మోగింది, మళ్ళీ నొక్కింది.

"ఇంకోటి కాదంటే నీ ఐడీ పోద్ది. ఇల్లెలా గడుస్తుంది?" అన్నాడు చంద్రరావు.

ఆమెకీ అదే భయం. అయినా మూడోసారీ నొక్కింది. ఐడీ పోయింది.

మెట్ల మీద కూర్చున్నవాళ్ళలోంచి సంపూర్ణమ్మ లేచి, బైకు మీదున్న మొగుడి ముందు చెయ్యి చాపింది. "ఫోనియ్యండి." ఆమె వెనక ఇంకొకామె లేచింది. రేవులో లేని మగాళ్ళ దగ్గరికి గుంపుగా నడిచెళ్ళారు. వచ్చిన బుకింగల్లా కాదని నొక్కుతుంటే మధ్యాహ్నానికి పదమూడు ఐడీలూ బ్లాకయ్యాయి. వ్రతానికి ముస్తాబవుదామని యాప్ తెరిచినవాళ్ళకి ఊరు మొత్తమ్మీద ఒక్క పేరూ కనపడలేదు.

పద్నాలుగు మందీ మళ్ళీ రేవులో కలిసి మేనేజర్ ఆఫీసుకి బయల్దేరారు. నాలుగడుగులేసి హారతి వెనక్కి వచ్చింది. మెట్ల మీద ఒక్కడే కూర్చున్న చంద్రరావు చేతిలోంచి మైకు తీసుకుంది.

"ఇది మాక్కావాలండి."